పాత డెస్క్‌టాప్‌కి ఏ గ్రాఫిక్స్ కార్డు సరిపోతుంది?

పాత డెస్క్‌టాప్‌కి గ్రాఫిక్స్ కార్డు వేయించాలనుకున్నప్పుడు చాలామంది ముందుగా చూసేది కార్డుల జాబితానే. ఏది ఎన్ని ఫ్రేములు ఇస్తోంది, ఏది చవకగా వస్తోంది అని పోల్చుకుని ఒకటి కొనేస్తారు. తీరా బిగించబోతే దానికి కావలసిన పవర్ కేబుల్ ఉండదు. లేదంటే హార్డ్‌డిస్క్ పెట్టే ర్యాక్ అడ్డు తగులుతుంది. అన్నీ కుదిరాయనుకుంటే స్క్రీన్ నల్లగా ఉండిపోతుంది. రివ్యూల్లో కనిపించే అంకెలు దాదాపు అన్నీ అప్పటికి మార్కెట్లో ఉన్న వేగమైన ప్రాసెసర్ల మీద తీసినవి. పదేళ్ల నాటి మెషీన్‌లో అదే కార్డు ఎలా నడుస్తుందో వాటిని బట్టి చెప్పలేం. అందుకని వెతుకులాట కంప్యూటర్ దగ్గర మొదలుపెట్టి కార్డు దగ్గరికి రావాలి. పవర్ సప్లై ఎంత ఇవ్వగలదు, స్లాట్ ఏ తరానిది, క్యాబినెట్‌లో ఎంత చోటుంది, ప్రాసెసర్ ఎంతవరకు లాగగలదు అన్నవి తేలాక, వందల కార్డుల్లోంచి మూడు నాలుగే మిగులుతాయి.

అంతకన్నా ముందు, అసలు కార్డు కావాలా అన్నది చూడాలి. కంప్యూటర్ ఆన్ అవడానికి నిమిషాలు పట్టినా, బ్రౌజర్‌లో నాలుగు ట్యాబులు తెరవగానే మొరాయించినా దానికి గ్రాఫిక్స్‌తో సంబంధం లేదు. అక్కడ ఎస్‌ఎస్‌డీ, ర్యామ్ మీద పెట్టే డబ్బు ఎక్కువ పనిచేస్తుంది. ప్రాసెసర్‌లోనే ఉండే గ్రాఫిక్స్‌తో నడిచే మెషీన్లలో ఇంకో సంగతి ఉంది. ఆ గ్రాఫిక్స్‌కి సొంత మెమరీ ఉండదు, ర్యామ్‌నే వాడుకుంటుంది. డీడీఆర్3 1600 ర్యామ్ ఒక్క స్టిక్ ఉంటే సెకనుకు 12.8 జీబీ డేటా వెళ్తుంది. అలాంటిదే రెండోది సరైన స్లాట్‌లో పెడితే అది 25.6 జీబీ అవుతుంది. తేలికపాటి గేములకు, మామూలు వాడకానికి ఈ ఒక్క మార్పు చాలాసార్లు సరిపోతుంది. పెద్ద గేములకు మాత్రం చాలదు. 2016లో వచ్చిన జీటీఎక్స్ 1050 టీఐ లాంటి చిన్న కార్డుకే సొంతంగా సెకనుకు 112 జీబీ అందుబాటులో ఉంటుంది.

వీడియోలు ఆగి ఆగి ఆడడం మరో సమస్య. ఆన్‌లైన్ వీడియో ఇప్పుడు ఎక్కువగా వీపీ9, ఏవీ1 పద్ధతుల్లో వస్తోంది. పాత గ్రాఫిక్స్ చిప్‌లకు వాటిని విప్పే విభాగం లేదు కాబట్టి ఆ భారమంతా ప్రాసెసర్ మీద పడుతుంది. 4కే వీడియో పెట్టగానే ఫ్యాన్ హోరెత్తడానికి కారణం ఇదే. దీనికోసమే అయితే గేమింగ్ కార్డు అక్కర్లేదు, ఆ విభాగం ఉన్న చిన్న కార్డు చాలు. అయితే కార్డు వివరాలు చదవకుండా కొనకూడదు. జీటీ 1030 వీపీ9ని విప్పుతుంది, ఏవీ1ని విప్పలేదు. ఏఎండీ 2022లో తెచ్చిన ఆర్‌ఎక్స్ 6400 కొత్తదే అయినా ఏవీ1ని విప్పే విభాగాన్ని అందులోంచి తీసేశారు, వీడియోను ఎన్‌కోడ్ చేసే విభాగమూ లేదు. ఎన్విడియాలో ఆర్‌టీఎక్స్ 30 వరుస నుంచి, ఇంటెల్‌లో ఆర్క్ కార్డులన్నిటిలో ఏవీ1 డీకోడింగ్ ఉంది.

కరెంటు లెక్క

పాత మెషీన్లలో ఎక్కువ ప్రయత్నాలు ఆగిపోయేది ఇక్కడే. మదర్‌బోర్డు మీద కార్డులు బిగించే స్లాట్లకు పీసీఐ ఎక్స్‌ప్రెస్ అని పేరు. ఆ ప్రమాణం ప్రకారం పెద్ద స్లాట్ ఒక గ్రాఫిక్స్ కార్డుకి 75 వాట్ల వరకు ఇవ్వొచ్చు. అందులో 66 వాట్లు 12 వోల్టుల లైను మీద, మిగతాది 3.3 వోల్టుల లైను మీద వస్తుంది. అంతకు మించి కావలసిన కార్డులకు పవర్ సప్లై నుంచి విడిగా కేబుల్ పెట్టాలి. 6 పిన్నుల కనెక్టర్ 75 వాట్లు, 8 పిన్నులది 150 వాట్లు ఇస్తుంది. కాబట్టి ఒక 8 పిన్ కనెక్టర్ ఉన్న కార్డు స్లాట్‌తో కలిపి 225 వాట్ల దాకా తీసుకోవచ్చు.

ఎస్‌ఎంపీఎస్ (పవర్ సప్లై పెట్టె) మీద పెద్ద అక్షరాల్లో ఉండే మొత్తం వాట్లను నమ్ముకుంటే లెక్క తప్పుతుంది. పక్కనే అతికించిన లేబుల్‌లో 12 వోల్టుల లైనుకి ఎన్ని ఆంపియర్లు రాశారో చూడాలి. ప్రాసెసర్, గ్రాఫిక్స్ కార్డు రెండూ దాదాపు పూర్తిగా ఆ లైను మీదే బతుకుతాయి. పాతకాలపు పవర్ సప్లైలు 5, 3.3 వోల్టుల లైన్లకు ఎక్కువ వాటా ఇచ్చేవి. ఉదాహరణకు 12 వోల్టుల దగ్గర 18 ఆంపియర్లు అని ఉంటే అక్కడ దొరికేది 216 వాట్లే, పైన 400 అని రాసినా సరే. అందులో ప్రాసెసర్‌కి ఓ వంద, ఫ్యాన్లకు, డిస్కులకు మరో పాతిక ముప్పై పోతే మిగిలేది తొంభైకి అటూ ఇటూ. దానిమీద 130 వాట్ల కార్డు పెడితే డెస్క్‌టాప్ స్క్రీన్ వరకు అంతా బాగానే కనిపిస్తుంది. గేమ్ మొదలయ్యాక మెషీన్ ఒక్కసారిగా ఆరిపోతుంది. పైగా ఏళ్ల తరబడి వేడిలో నడిచిన పవర్ సప్లైలో కెపాసిటర్లు బలహీనపడి ఉంటాయి, లేబుల్ మీదున్నంతా ఇవ్వలేకపోవచ్చు. పదేళ్లు వాడిన, పేరులేని ఎస్‌ఎంపీఎస్ మీద కొత్త కార్డు పెట్టడం వద్దు. ఖర్చులో ముందు నిలవాల్సింది మంచి పవర్ సప్లై. అది తర్వాతి కంప్యూటర్‌కీ పనికొస్తుంది.

కేబుల్ లేదని అడాప్టర్ కొని సర్దుకోవడం చాలామంది చేసే పని. అందులో డిస్కులకు కరెంటు ఇచ్చే సాటా కనెక్టర్ నుంచి 6 పిన్నులకు మార్చే అడాప్టర్‌కి దూరంగా ఉండాలి. సాటా పవర్ కనెక్టర్‌లో 12 వోల్టులకు ఉండేవి మూడు పిన్నులు, ఒక్కోటి ఒకటిన్నర ఆంపియర్లకు సరిపడేది. మొత్తం 54 వాట్లు. దానిమీద 75 వాట్లు లాగితే ప్లాస్టిక్ కరిగిపోయే ప్రమాదం ఉంది, నిప్పంటుకున్నా ఆశ్చర్యం లేదు.

ఆఫీసుల నుంచి బయటికొచ్చే చిన్న సైజు బ్రాండెడ్ డెస్క్‌టాప్‌లది వేరే లెక్క. వాటి పవర్ సప్లై చాలాసార్లు 200, 240 వాట్ల స్థాయిలో ఉంటుంది. ఆకారం, మదర్‌బోర్డుకి వెళ్లే కనెక్టర్ ఆ కంపెనీ సొంతం కావడంతో మార్కెట్లో దొరికే మామూలు ఏటీఎక్స్ సప్లై అందులో పట్టదు. కొన్ని మోడళ్లలో స్లాట్ కూడా పూర్తి 75 వాట్లు ఇవ్వదు. ఆ విషయం తయారీదారు ఇచ్చే సర్వీస్ మాన్యువల్‌లో ఉంటుంది. మోడల్ పేరుతో వెతికితే దొరికే ఆ మాన్యువల్‌ను చదవడానికి పది నిమిషాలు కేటాయిస్తే డబ్బు వృథా కాదు. ఇలాంటి మెషీన్లకు విడి పవర్ కేబుల్ అక్కర్లేని, సగం ఎత్తు బ్రాకెట్‌తో వచ్చే కార్డులే దిక్కు. 53 వాట్ల ఆర్‌ఎక్స్ 6400, కేబుల్ లేకుండా వచ్చే రకం జీటీఎక్స్ 1650, 2024 ఫిబ్రవరిలో వచ్చిన 70 వాట్ల ఆర్‌టీఎక్స్ 3050 6 జీబీ ఈ కోవలోవి. చివరిదాని దగ్గర జాగ్రత్తగా ఉండాలి. ఆర్‌టీఎక్స్ 3050 పేరుతోనే 2022లో వచ్చిన 8 జీబీ కార్డు 130 వాట్లది, దానికి విడి కేబుల్ తప్పనిసరి. జీటీఎక్స్ 1650లో కూడా కొన్ని కంపెనీలు 6 పిన్ కనెక్టర్ పెట్టాయి.

స్లాట్ తరం, లేన్ల సంఖ్య

పీసీఐ ఎక్స్‌ప్రెస్‌లో కొత్త తరం కార్డు పాత తరం స్లాట్‌లో పనిచేస్తుంది. ఈ మాట నిజమే గానీ, దీన్ని విని చాలామంది ఊరట చెంది అక్కడితో ఆగిపోతారు. పనిచేయడం వేరు, పూర్తి వేగంతో పనిచేయడం వేరు. స్లాట్‌లో డేటా వెళ్లే దారులను లేన్లంటారు. ఒక్కో లేన్ మీద 2.0 తరంలో సెకనుకు 500 ఎంబీ, 3.0లో సుమారు 985 ఎంబీ, 4.0లో దాదాపు 2 జీబీ వెళ్తాయి. గ్రాఫిక్స్ స్లాట్‌కి 16 లేన్లుంటాయి కాబట్టి పాత 2.0 స్లాట్ కూడా సెకనుకు 8 జీబీ మోయగలదు. మామూలు కార్డుకి అది పెద్ద లోటు కాదు.

చిక్కంతా కార్డు వైపు నుంచి వచ్చింది. ఖర్చు తగ్గించడానికి తయారీదారులు చిన్న కార్డుల్లో లేన్లు కోసేశారు. ఆర్‌ఎక్స్ 6400, ఆర్‌ఎక్స్ 6500 ఎక్స్‌టీ చూడడానికి పూర్తి పొడవు కనెక్టర్‌తోనే వస్తాయి, కానీ వాటిలో పనిచేసేవి 4 లేన్లే. 4.0 స్లాట్‌లో ఆ నాలుగు సెకనుకు దాదాపు 8 జీబీ ఇస్తాయి కాబట్టి నెట్టుకొస్తుంది. 3.0లో అది 4 జీబీకి, 2.0లో 2 జీబీకి పడిపోతుంది. ఈ రెండు కార్డుల్లో ఎక్కువగా ఉండేది 4 జీబీ మెమరీ. గేమ్‌కి అంతకన్నా ఎక్కువ కావలసి వస్తే మిగతా టెక్స్చర్లు (గేమ్‌లోని వస్తువుల మీద అద్దే బొమ్మలు) కంప్యూటర్ ర్యామ్‌లోకి వెళ్తాయి. ప్రతిసారీ ఆ సన్నటి దారి గుండానే వాటిని తెచ్చుకోవాలి. పెద్ద కాలువకు చిన్న తూము పెట్టినట్టు, వెనక ఎంత ఉన్నా వచ్చేది కొంచెమే. తెర మీద దాని ఫలితం సగటు ఫ్రేముల సంఖ్యలో అంతగా కనిపించదు. తల తిప్పిన ప్రతిసారీ బొమ్మ క్షణం సేపు బిగుసుకుపోవడంలో కనిపిస్తుంది. పాత కంప్యూటర్ల కోసమే అన్నట్టు చవకగా అమ్మే కార్డు పాత కంప్యూటర్లలోనే అన్నిటికన్నా ఎక్కువ నష్టపోవడం కొనేవాళ్లకు అన్యాయం. పెట్టె మీద ఈ సంగతి పెద్ద అక్షరాల్లో రాయాల్సింది.

అందుకే మెషీన్ ఏ తరానిదో ముందు తెలుసుకోవాలి. ఇంటెల్ రెండో తరం కోర్ ప్రాసెసర్లు 2011లో 2.0తో వచ్చాయి. 2012లో మూడో తరంతో 3.0 వచ్చింది. అక్కడ కూడా మదర్‌బోర్డు, ప్రాసెసర్ రెండూ ఒప్పుకుంటేనే 3.0 నడుస్తుంది. ఏఎండీ ఎఫ్‌ఎక్స్ ప్రాసెసర్ల బోర్డులు ఎక్కువగా 2.0వి, 2017లో రైజెన్ వచ్చాక 3.0 మామూలైంది. అందులోనూ రైజెన్ 3 2200జీ లాంటి గ్రాఫిక్స్ కలిసిన ప్రాసెసర్లు కార్డుకి 8 లేన్లే ఇస్తాయి. బోర్డు మీద రెండో పొడవాటి స్లాట్ ఉంటే దాన్ని చూసి మోసపోకూడదు. చాలా బోర్డుల్లో దానికి 4 లేన్లే ఉంటాయి. కార్డు ప్రాసెసర్‌కి దగ్గరగా ఉన్న మొదటి స్లాట్‌లోనే పెట్టాలి.

ఈ లెక్కన 2.0 మెషీన్‌కి 16 లేన్ల జీటీఎక్స్ 1650 సరైన జోడీ. 3.0 ఉండి, విడి కేబుల్ లేని మెషీన్‌కి 8 లేన్ల ఆర్‌టీఎక్స్ 3050 6 జీబీ బాగుంటుంది. ఆరు జీబీలు ఉండడం వల్ల ర్యామ్ వైపు పరుగులు తగ్గుతాయి. 8 పిన్ కేబుల్‌తో మంచి పవర్ సప్లై ఉన్న 3.0 మెషీన్‌కి 8 జీబీ మెమరీ, 132 వాట్ల ఆర్‌ఎక్స్ 6600 దాకా వెళ్లొచ్చు. అంతకు మించి పెద్ద కార్డు కొనాలంటే దానికి ఒకే ఒక్క కారణం ఉండాలి, త్వరలోనే మిగతా కంప్యూటర్‌ను కూడా మార్చబోతుండడం.

ఇంటెల్ ఆర్క్ కార్డులు కాగితం మీద చాలా ఆకర్షణీయంగా ఉంటాయి, ధరకు తగ్గ మెమరీ ఇస్తాయి. కానీ పాత మెషీన్‌కి అవి సరిపడవు. ప్రాసెసర్ కార్డు మెమరీ మొత్తాన్నీ ఒకేసారి అందుకునేలా చేసే రీసైజబుల్ బార్ అనే సదుపాయం లేకపోతే వాటి వేగం బాగా పడిపోతుంది. ఇంటెల్ వైపు దానికి పదో తరం ప్రాసెసర్ల నుంచే అధికారిక సపోర్టు ఉంది. 2024 డిసెంబరులో వచ్చిన ఆర్క్ బీ580 విషయంలో ఇంకోటి బయటపడింది. దాని డ్రైవర్ (కార్డును నడిపించే సాఫ్ట్‌వేర్) ప్రాసెసర్ మీద ఎక్కువ భారం వేయడంతో, కొంచెం పాత ప్రాసెసర్లలో అది రివ్యూల్లో చూపినంత వేగం ఇవ్వలేకపోయింది.

ప్రాసెసర్ ఎంతవరకు లాగుతుంది

ఒక ఫ్రేము తెర మీదికి రావాలంటే ముందు ప్రాసెసర్ ఆ ఫ్రేములో ఏముండాలో లెక్కగట్టి కార్డుకి ఆదేశాలు పంపాలి. ప్రాసెసర్ సెకనుకు 50 ఫ్రేములకే ఆదేశాలు సిద్ధం చేయగలిగితే, కార్డు 200 గీయగలిగినా తెర మీద కనిపించేవి 50. మెషీన్‌లో ఇప్పటికే ఏదో ఒక కార్డు ఉంటే దీన్ని డబ్బు పెట్టకుండానే పరీక్షించొచ్చు. మామూలుగా ఆడే గేమ్‌లో రిజల్యూషన్‌ను బాగా తగ్గించి చూడాలి. ఫ్రేములు గబగబా పెరిగితే ఇప్పటిదాకా అడ్డుపడింది కార్డే, కొత్తది వేస్తే ఫలితం ఉంటుంది. రిజల్యూషన్ తగ్గించినా ఫ్రేములు పెద్దగా కదలకపోతే అడ్డు ప్రాసెసర్ దగ్గరే ఉంది. అప్పుడు కొత్త కార్డుతో బొమ్మ నాణ్యత పెంచుకోవచ్చు గానీ వేగం పెరగదు. ఈ పరీక్షకు ముందు గేమ్‌లో వీసింక్ (ఫ్రేములను మానిటర్ వేగానికి కట్టేసే సెట్టింగ్), ఫ్రేముల పరిమితి తీసేయాలి, లేకపోతే తప్పు జవాబు వస్తుంది. పరీక్ష ఏం చెప్పినా మానిటర్ 60 హెర్ట్జ్‌దైతే, అరవైకి మించిన ఫ్రేముల కోసం డబ్బు గుమ్మరించడం దండగ.

కొన్ని చోట్ల ప్రాసెసర్ నెమ్మదిగా ఉండడం కాదు, దానికి కొన్ని ఆదేశాలే తెలియకపోవడం సమస్య. ఏవీఎక్స్2 అనే ఆదేశాల సముదాయం ఇంటెల్‌లో 2013 నాటి నాలుగో తరం కోర్ ప్రాసెసర్లతో వచ్చింది. ఆ కాలపు పెంటియమ్, సెలెరాన్‌లలో అది లేదు. అది తప్పనిసరి చేసిన గేములు అలాంటి మెషీన్లలో తెరుచుకోనే తెరుచుకోవు, కార్డు ఎంత గొప్పదైనా.

స్క్రీన్ నల్లగా ఉండిపోవడానికి తరచుగా కారణం బయాస్, అంటే కంప్యూటర్ ఆన్ అవగానే ముందుగా నడిచే, బోర్డులోని ప్రోగ్రామ్. దాని కొత్త రూపమైన యూఈఎఫ్‌ఐ లేని పాత బోర్డులు కొన్ని కొత్త కార్డులను గుర్తించలేవు. ఆ మోడల్‌కి వచ్చిన చివరి బయాస్ అప్‌డేట్‌ను కార్డు కొనకముందే వేసుకోవడం మంచిది. అది వేస్తుండగా కరెంటు పోతే బోర్డు పనికిరాకుండా పోవచ్చు కాబట్టి యూపీఎస్ ఉన్నప్పుడే ఆ పని చేయాలి.

డ్రైవర్ల ఆయుష్షు, సెకండ్‌హ్యాండ్ మార్కెట్

పాత మెషీన్‌కి పాత కార్డే మేలు అనిపిస్తుంది, పైన చెప్పిన లేన్ల లెక్క కూడా అటే లాగుతుంది. డ్రైవర్లు మాత్రం దానికి ఎదురు నిలుస్తాయి. జీటీఎక్స్ 600, 700 వరుసల్లోని కెప్లర్ కార్డులకు ఎన్విడియా కొత్త గేమ్ డ్రైవర్లను 2021లో ఆపేసింది. జీటీఎక్స్ 900, 1000 వరుసలకు 2025 అక్టోబరుతో ఆగిపోయాయి. వాటికి ఇక 2028 అక్టోబరు వరకు భద్రతా అప్‌డేట్లే. ఇప్పుడు ఆడుతున్న పాత గేములకు దీంతో ఇబ్బంది లేదు. రేపు వచ్చే గేముల కోసం కొనేవాళ్లు జీటీఎక్స్ 1050 టీఐని వదిలేసి, ఇంకా కొత్త డ్రైవర్లు వస్తున్న ట్యూరింగ్ తరం జీటీఎక్స్ 1650కి వెళ్లడం నయం. దానికి కూడా రే ట్రేసింగ్ (కాంతి ప్రసరణను లెక్కగట్టి బొమ్మ గీసే పద్ధతి) విభాగం లేదు. 2024 చివరి నుంచి వచ్చిన కొన్ని పెద్ద గేములు ఆ విభాగం లేని కార్డుల మీద అధికారికంగా నడవవు.

ఒకే పేరు మీద రెండు రకాల సరుకు అమ్మడం ఈ వ్యాపారంలో పాత అలవాటు. జీటీ 1030లో 2017 నాటి జీడీడీఆర్5 రకానికి సెకనుకు 48 జీబీ మెమరీ వేగం ఉంది. 2018లో అదే పేరుతో వచ్చిన డీడీఆర్4 రకానికి 17 జీబీ కూడా లేదు. జీటీ 730ని అయితే వేర్వేరు తరాల చిప్‌లతో అమ్మారు. ఆర్‌ఎక్స్ 580లో 2304 కోర్లుంటే, 2048 ఎస్‌పీ అని చివర తగిలించిన రకంలో పేరులో ఉన్నట్టే 2048 ఉంటాయి. ఇవన్నీ కంపెనీలు బహిరంగంగా చేసినవి. అసలు మోసాలు వేరు. పదేళ్లకు పైబడిన జీటీఎస్ 450 లాంటి కార్డులోని సొంత బయాస్‌ను మార్చి, జీటీఎక్స్ 1050 టీఐ అని కనిపించేలా చేసి అమ్ముతారు. జీపీయూ-జెడ్ అనే ఉచిత ప్రోగ్రామ్ ఇలాంటివాటిని గుర్తుపట్టి చూపిస్తుంది. సెకండ్‌హ్యాండ్ కార్డు కొనేటప్పుడు దాన్ని ఎదురుగా నడిపించి చూడకుండా డబ్బు ఇవ్వకూడదు.

క్రిప్టో కరెన్సీ తవ్వడానికి (మైనింగ్‌లో) వాడిన కార్డులంటే అందరికీ భయం. 2022 సెప్టెంబరు 15న ఎథీరియం అనే క్రిప్టో కరెన్సీ పద్ధతి మార్చుకోవడంతో గ్రాఫిక్స్ కార్డులతో దాన్ని తవ్వే పని ముగిసి, అవన్నీ మార్కెట్లోకి వచ్చాయి. అలాంటి కార్డులన్నీ పాడైపోయినవని అనుకోనక్కర్లేదు. ఫ్యాన్లు అరిగిపోయి ఉండొచ్చు, థర్మల్ పేస్ట్ ఎండిపోయి ఉండొచ్చు, ఈ రెండూ బాగుచేసుకునేవే. బయాస్ మార్చి ఉంటే మాత్రం అసలుది తిరిగి వేయాలి. అరగంట పాటు భారీ గేమ్ లేదా స్ట్రెస్ టెస్ట్ నడిపినప్పుడు తెర మీద రంగు చుక్కలు, గీతలు వస్తే ఆ కార్డును వదిలేయాలి.

విండోస్ 10కి సాధారణ సపోర్టు 2025 అక్టోబరు 14తో ముగిసింది. విండోస్ 11 అధికారికంగా ఇంటెల్ ఎనిమిదో తరానికి ముందున్న ప్రాసెసర్లను దాదాపుగా ఒప్పుకోదు. కాబట్టి అంతకన్నా పాత మెషీన్ మీద పెట్టే ప్రతి రూపాయికీ, రేపు ఇంకో మెషీన్‌లోకి మార్చుకోగలమా అన్న ప్రశ్న వేసుకోవాలి. మంచి పవర్ సప్లై, మామూలు సైజు కార్డు మారతాయి. డీడీఆర్3 ర్యామ్, పాత సాకెట్‌కి సరిపడే ప్రాసెసర్ మారవు.

బిగించేటప్పుడు

బిగించడం కష్టమైన పని కాదు. ముందు క్యాబినెట్ లోపల పొడవు కొలవాలి. కార్డు రెండు స్లాట్ల మందం ఉంటుందా, కింద సాటా పోర్టులు మూసుకుపోతాయా చూసుకోవాలి. మానిటర్‌కి వీజీఏ మాత్రమే ఉంటే ఇంకో ఖర్చు ఉంది. ఎన్విడియా జీటీఎక్స్ 1000 వరుస నుంచి కార్డుల్లో అనలాగ్ సిగ్నల్ రాదు, అందుకని చవక కన్వర్టర్ పిన్ను కాకుండా సిగ్నల్‌ను మార్చే చిప్ ఉన్న యాక్టివ్ అడాప్టర్ కావాలి. ప్లగ్ తీసి, క్యాబినెట్ లోహాన్ని తాకి, ఒంట్లోని స్టాటిక్ వదిలించుకున్నాక కార్డు పెట్టాలి. మానిటర్ కేబుల్‌ను మదర్‌బోర్డు నుంచి తీసి కార్డుకి పెట్టడం మర్చిపోయి కార్డు పనిచేయడం లేదని కంగారుపడేవాళ్లు చాలామంది. పాత కార్డు వేరే కంపెనీదైతే దాని డ్రైవర్‌ను పూర్తిగా తీసేసి కొత్తది వేయాలి.

అన్నీ అయ్యాక జీపీయూ-జెడ్‌లో బస్ ఇంటర్‌ఫేస్ అనే గడి చూడాలి. కార్డు ఖాళీగా ఉన్నప్పుడు కరెంటు ఆదా కోసం అది పాత తరం వేగాన్ని చూపిస్తుంది, దానికి టెన్షన్ పడనక్కర్లేదు. పక్కనున్న చిన్న ప్రశ్న గుర్తు నొక్కి రెండర్ టెస్ట్ పెడితే అసలు వేగం కనిపిస్తుంది. 16 లేన్ల కార్డు, 16 లేన్ల స్లాట్ ఉండి కూడా అక్కడ 8 అనో 4 అనో వస్తుంటే కార్డు సరిగ్గా కూర్చోలేదని గానీ, స్లాట్‌లో దుమ్ము పేరుకుందని గానీ అర్థం. మెషీన్ ఆపి, స్లాట్ శుభ్రం చేసి, క్లిప్ చప్పుడయ్యే వరకు కార్డును మళ్లీ నొక్కి పెడితే చాలావరకు సరిపోతుంది.